బాణం నిలిచిన ఆదివారం

రాయచూరు తీన్ కందీల్ దగ్గర ముప్ఫై ఎనిమిదేళ్లు రేడియోలు బాగుచేసిన యంకప్ప దుకాణానికి బోర్డు లేదు, ఆయన నోటికి అడ్డూ లేదు. "బోర్డెందుకయ్యా? సెట్టు మూగబోయిందంటే మీ కాళ్లే ఈడికి తోలుకొస్తయి" అనేవాడు. మాట నిజమే. కల్మల నుంచి, కల్లూరు నుంచి రైతులు సెట్లను తువ్వాళ్లలో చుట్టి, జ్వరమొచ్చిన పిల్లల్ని తెచ్చినట్టు తెచ్చి ఆయన ముందు పెట్టేవారు.

ఆయన దగ్గర ఒక విద్య ఉండేది. కళ్లకు గుడ్డ కట్టి, మూసిన గదిలో నాలుగు చుట్లు తిప్పి వదిలినా సరే, చేతిలో ఒక ట్రాన్సిస్టర్ పెడితే చాలు, దాన్ని అటూ ఇటూ తిప్పి గుల్బర్గా ఎటుందో, హైదరాబాదు ఎటుందో వేలు పెట్టి చూపేవాడు. సెట్టు లోపలి నల్లకడ్డీ కొస స్టేషన్ వైపు తిరగ్గానే గొంతు సన్నబడుతుంది. అదే ఆనవాలు. కూతురు నేత్రకు ఎనిమిదో ఏటనే ఈ ఆట నేర్పాడు. వాడకట్టు పిల్లలు దాగుడుమూతల్లో ఒకరినొకరు వెతుక్కుంటుంటే ఈ పిల్ల ధార్వాడను వెతికేది. తల్లి పంపమ్మ తల బాదుకునేది.

ఆటతోపాటు ఒక కట్టుబాటు కూడా నేర్పాడు. "కాలు లేపకుండ కొలవొద్దు బిడ్డా." సెట్టు లోపలి సర్క్యూట్ పలక మీద ఏ ముక్కపై అనుమానం వచ్చినా, ముందు దాని ఒక కాలు టంకం కరిగించి పైకి లేపాలి, ఆ తర్వాతే మీటరు పెట్టాలి. "అందర్ల నడుమ ఉంటే పక్కోళ్ల మాటలు దాని మాటల కలుస్తయి. ఒంటిగ కూసోబెట్టి అడుగు, నిజం చెప్తది." పెళ్లి సంబంధాలకు కూడా ఇదే సూత్రమని వచ్చినవాళ్లకల్లా చెప్పి పంపమ్మ చేత చీవాట్లు తినేవాడు.

అంతటి మనిషికి దిక్కులు తప్పడం మొదలైంది. ఏం పాపం చేశాడని! మొదట రంగులు పోయాయి. ముక్కల మీది రంగు గీతలు చూసి విలువ చెప్పే మనిషి, గోధుమరంగు గీత దగ్గర ఆగి, సెలవులకు వచ్చిన నేత్ర ముఖం చూసేవాడు. పంపమ్మ పోయిన మూడో ఏడు, సొంత ఇంటి పక్క సందులోనే నిలబడి, యంకప్ప ఇల్లు యాడ అని అడిగాడు. నేత్ర అప్పుడు బెంగుళూరులో, వైర్‌లెస్ పలకలు పరీక్షించే కంపెనీలో ఉండేది. ఆ మాట విన్న వారంలో ఉద్యోగం మానేసి వచ్చి, ఊళ్లోనే ఒక కాలేజీ ల్యాబులో చేరింది. త్యాగం అన్నారు జనం. త్యాగమూ లేదు, తోటకూరా లేదు. ఆమెకు నాన్నంటే ప్రాణం, అంతే.

"తాళమెయ్యి నేత్రా, నువ్వు కాలేజీకి పోయినప్పుడన్న తాళమెయ్యి. నేను పక్కనే ఉంట గద" అంది పక్కింటి అయ్యమ్మ. ఒక్కరోజు వేసింది. సాయంత్రం వచ్చి తీసేసరికి యంకప్ప తలుపు వెనకే నిలబడి ఉన్నాడు, పొద్దున్నుంచీ కూర్చోలేదట. "నేనేం తప్పు చేసిన్నమ్మా?" అని అడిగాడు. నేత్ర ఆ తాళాన్ని తీసుకెళ్లి చెత్తబండిలో పడేసింది. నాయన ఎటైనా పోవాలి, ఎటు పోయాడో తనకు తెలియాలి. ఇక ఆమె పట్టుదలంతా దాని మీదే.

తెలిసిన విద్యే కాబట్టి మొదలుపెట్టింది. రూపాయి బిళ్లంత బ్లూటూత్ బిళ్ల ఒకటి ఆయన ఒంటి మీద ఉంటుంది. అది క్షణక్షణానికి ఒక కబురు పంపి, కబురు చివర కాసేపు చెవికి వినపడని ఒకే రేడియో స్వరం పట్టి నిలుపుతుంది. వీధి గుమ్మం పైన పెట్టె, దానికి వరసగా నాలుగు ఏంటెనాలు. పెట్టె ఆ స్వరాన్ని ఒక ఏంటెనాతో విని, వెంటనే రెండోదానికి మారి, మూడోదానికి మారి, ఒక్కోచోట శాంపిల్ తీసుకుంటుంది. స్వరం ఒకదానికి వెంట్రుకవాసి ముందు చేరుతుంది, మరొకదానికి వెనక చేరుతుంది. ఆ తేడా కొలిస్తే మనిషి ఎటున్నాడో తేలుతుంది, ఫోనులో బాణం అటు తిరుగుతుంది. వాళ్ల గుమ్మం ముందు దారి రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే బజారు, కుడికి పోతే రైలు స్టేషన్. ఆయన గడప దాటగానే ఫోను మోగి, ఎడమో కుడో చెబితే చాలు, పరుగెత్తి పట్టుకోవచ్చు.

బిళ్లను ఒంటి మీద నిలపడమే పెద్ద తిప్పలైంది. చేతి గడియారంలా కడితే, యంకప్ప గంటలో స్క్రూడ్రైవర్ వెతికి దాన్ని విప్పి, "లోపల ఏం లేదమ్మా, ఎవడో మోసం చేసిండు" అని ముక్కలు చేతిలో పెట్టాడు. చివరికి ఉపాయం అయ్యమ్మే చెప్పింది. "తాయెత్తు లెక్క కట్టు. పీర్ల దగ్గర కట్టిచ్చుకొచ్చిన్నని చెప్పు. చచ్చినా విప్పడు." రాగిరేకులో చుడితే స్వరానికి ఊపిరాడదని నేత్ర బట్టతో సంచి కుట్టి, ఎర్రదారంతో జబ్బకు కట్టింది. యంకప్ప దాన్ని కళ్లకద్దుకున్నాడు. స్నానానికి కూడా విప్పనివ్వలేదు.

పెట్టె మాత్రం మాట వినలేదు. బాణం ఈగలు ముసిరిన మేక చెవిలా అటూ ఇటూ కొట్టుకునేది. జనవరిలో ఒకనాడు ఫోను మోగితే, బాణం ఎడమ అంది, నేత్ర ఎడమకు పరుగెత్తింది. యంకప్ప కుడికి పోయాడు. రెండు గంటల తర్వాత స్టేషన్ బయట బల్ల మీద దొరికాడు, కాళ్లకు చెప్పుల్లేవు. ఆ రోజు అయ్యమ్మ తాళం మాట ఎత్తకుండా ఆయన కాళ్లకు నూనె రాసి పోయింది, అందుకే నేత్రకు ఎక్కువ సిగ్గేసింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే పని. ఎదురింటి రేకులకు తగిలి స్వరం వెనక్కొస్తోందా? పెట్టె స్థలం మార్చింది. మనిషి ఒళ్లే సగం నీళ్లు, అది మింగేస్తోందా? బిళ్లను కుడి జబ్బ నుంచి ఎడమకు మార్చింది. ఏంటెనాల వరస తప్పిందా? నాలుగూ విప్పి మళ్లీ బిగించింది. నాలుగు నెలలు గడిచాయి, బాణం కొట్టుకుంటూనే ఉంది.

మే నెల రెండో ఆదివారం, మధ్యాహ్నం, నేత్రకు చురుక్కుమంది. తను ఇన్నాళ్లూ కాలు లేపకుండా కొలుస్తోంది! కదిలే మనిషి, గోడలు, రేకులు అన్నీ కలిసిన స్వరాన్ని పట్టుకుని తప్పెక్కడని అడిగితే ఏం చెబుతుంది? బిళ్లను విడదీసి, ఒంటిగా, కదలకుండా, తెలిసిన చోట పెట్టి చూడాలి. ఇంట్లో ఇంకో బిళ్ల ఉంది. కానీ ఏ బిళ్ల స్వరం దానిదే, ఒకటి కాస్త హెచ్చు, ఒకటి కాస్త తగ్గు. రోగమున్నదాన్నే చూడాలి తప్ప దాని చెల్లెల్ని చూస్తే ఏం లాభం?

"నాయ్నా, తాయెత్తు జెర ఇయ్యవా? ఇప్పుడే మళ్ల కడ్త."

యంకప్ప చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "పీర్లది గదనమ్మా. విప్పొద్దు."

"నేనే విప్తున్న గద. ఏం కాదు."

కూతురు అడిగితే కాదనడం ఆయనకు ఏనాడూ చేతకాలేదు. జబ్బ ముందుకు చాచాడు. ముడి విప్పాక ఆ ఖాళీ చోటును రెండో చేత్తో మూసి పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

నేత్ర గుమ్మానికి ఎదురుగా స్టూలు వేసి, దాని మీద బిళ్ల పెట్టింది. బాణం నడిమధ్యన నిలవాలి. నిలవలేదు! అంటే తప్పు గోడలది కాదు, నాయనదీ కాదు, పెట్టెలోనే ఉంది. గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని, శాంపిళ్లను లాప్‌టాప్‌లో ఒక్కొక్కటే పరిచి చూడసాగింది. వెనక నుంచి యంకప్ప, కల్మల హుసేనప్ప సెట్టు ఇంకా తీసుకపోలేదని, వానలు పడితే వార్తలు ఎట్ల వింటడని ఏదో చెప్పుకుపోతున్నాడు. హుసేనప్ప పోయి పదేళ్లయింది.

"నాయ్నా, దండం పెడ్త, జెర సప్పుడు చెయ్యకు. పనిల ఉన్న."

"సరే సరే. పని చేసేటోళ్లను కదిలియ్యొద్దు" అన్నాడు యంకప్ప. తర్వాత సప్పుడు లేదు.

మొదటి ఏంటెనా దగ్గర తీసిన శాంపిళ్లు నున్నగా, ముచ్చటగా ఉన్నాయి. ఏంటెనా మారిన ప్రతిచోటా చెడిపోయి ఉన్నాయి. అరగంట చూస్తే దొంగ దొరికాడు. ఒక ఏంటెనా నుంచి రెండోదానికి మారడానికి సెకనులో పదిలక్షో వంతు గడువిచ్చింది తను. ఆమె వాడిన స్విచ్చుకు అది చాలడం లేదు. అది ఇంకా మారుతుండగానే పెట్టె తొందరపడి శాంపిల్ తీస్తోంది, రెండింటి స్వరాలూ కలగలిసిపోతున్నాయి. ఇంత చిన్నదానికి నాలుగు నెలలు! ఒక వంతు గడువును రెండు వంతులు చేసింది.

బాణం నిలిచింది. మేకు కొట్టినట్టు నిలిచింది. స్టూలును ఎడమకు జరిపితే ఎడమకు తిరిగి నిలిచింది, కుడికి జరిపితే కుడికి. నేత్ర చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"నాయ్నా, కుదిరింది! సూడు నాయ్నా!"

కుర్చీ ఖాళీగా ఉంది. పెరటిలో లేడు. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది, మెల్లగా, చప్పుడు కాకుండా వేసినట్టు. నేత్ర ఫోను పట్టుకుని చీలిక దగ్గరికి పరుగెత్తింది. చేతిలో బాణం ఇంచు కూడా కదలకుండా గుమ్మం లోపలి స్టూలునే చూపిస్తోంది. ఎడమా? కుడా? నలభై మూడు డిగ్రీల ఎండలో వీధి బోసిగా ఉంది, అడుగుదామంటే కుక్క కూడా లేదు. "అయ్యమ్మత్తా!" అని ఆమె పెట్టిన కేకకు వాడకట్టు తలుపులన్నీ తెరుచుకున్నాయి.

అయ్యమ్మ బజారుకు, నేత్ర స్టేషన్‌కు వెతుకుతూ పోయారు. ఆయన ఆ రెండుచోట్లా లేడు. ఎవరో షేర్ ఆటోలో ఎక్కించుకున్నారు. పొద్దు వాలే వేళకు, లింగసుగూరు రోడ్డు మీద పుచ్చకాయలు అమ్మే మంజమ్మ అనే ఆమె నుంచి ఫోను వచ్చింది. ఆయన చొక్కా లోపల నేత్ర కుట్టిన నంబరు చూసి చేసింది. "కల్మల ఇంక రెండు మైళ్లుందనంగ రోడ్డు పక్కన పడిపోయిండమ్మా. నీళ్లు తాపుదామంటే నోట్ల పండ్లు కర్సుకపోయినయి. జల్ది రా తల్లీ."

ఎండదెబ్బ లోపలికి దిగిపోయిందన్నారు ఆసుపత్రిలో. యంకప్ప రెండు రోజులే ప్రాణంతో ఉన్నాడు. ఆ రెండు రోజులూ నేత్ర మంచం పక్క నుంచి లేవలేదు. నేనే విప్పిన, నేనే నోరు మూసుకొమ్మన్న అని అయ్యమ్మతో అంటూ, అన్నదే అంటూ, ఏడుస్తూ ఉండిపోయింది. "ఊకో నేత్రా, నువ్వేం కావాలని చేసినవా?" అని అయ్యమ్మ వీపు నిమిరింది. కావాలని చేయలేదన్న మాట ఏ కూతురికి ఊరటనిస్తుంది?

రెండో రోజు మధ్యాహ్నం యంకప్ప కళ్లు తెరిచాడు. చూపు తేటగా ఉంది. నేత్ర ముఖంలోకి చూశాడు.

"నువ్వెవరమ్మా? నర్సమ్మవా?"

నేత్ర అవునన్నట్టు తల ఊపింది.

"మా పిల్ల ఇంట్ల పనిల ఉన్నది" అన్నాడు ఆయన, గుసగుసగా, ఎవరైనా వింటారేమోనన్నట్టు. "శానా తెలివిగల్లది. సప్పుడు చెయ్యకు నాయ్నా అన్నది. నా నోరు ఊకుంటదా? గందుకే బయటికొచ్చిన."

నేత్ర ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"ఇంత సేపయింది, ఎతుకుతుంటది పాపం. పరేశాన్ అయితది. జెర పోయి చెప్పమ్మా, మీ నాయ్న దొరికిండని."

"చెప్త" అంది నేత్ర. "ఇప్పుడే పోయి చెప్త."