గరుడస్వామి ఉపవాసం

నా మ్యాపులో చుక్క కదలడం మానేస్తే పక్షి పోయినట్టే. ఈ మాట నేనెంత ధీమాగా అంటానో ఖురంలోని మా ఆఫీసులో అందరికీ తెలుసు. గద్దల వీపున చిన్న ట్రాన్స్‌మిటర్ కట్టి, అవి కజకిస్తాన్ గడ్డిమైదానాల నుంచి చలికాలానికి ఒమన్‌కి ఏ దారిన వస్తున్నాయో, ఇక్కడ ఎక్కడ తిని ఎక్కడ పడుకుంటున్నాయో చూడటం నా ఉద్యోగం. ఆ ఏడాది ట్రాన్స్‌మిటర్ ఉన్న గద్ద మాకు ఒక్కటే మిగిలింది. దాని చుక్క బౌషర్ కొండల పక్కన మూడు రోజులుగా ఒకేచోట ఉండిపోయింది. 'చనిపోయింది' అని రిపోర్టులో రాసేసి, పరికరమైనా తెచ్చుకుందామని శనివారం పొద్దున్నే కారు తీశాను.

చుక్క ఉన్నచోటికి వెళ్తే అదొక లేబర్ క్యాంపు. నీళ్ల ట్యాంకు వెనక నీడలో, ఒక రెక్క వేలాడేసుకుని, గద్ద బతికే ఉంది! దాని ముందు స్టీలు పళ్లెంలో పప్పన్నం, కొబ్బరి ముక్క. పక్కనే, డ్యూటీ మానుకుని కాపలా కూర్చున్న ఒక జగిత్యాల మేస్త్రీ.

"కరెంటు తీగకు తాకి పడ్డడమ్మా. మూడొద్దుల సంది ఏం ముడ్తలేడు. గరుడస్వామి గదా, ఉపవాసం ఉన్నడేమో," అన్నాడు. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఉపవాసమేంటయ్యా, నీ మొహం! అది మాంసం తినే పక్షి. ఆకలితో చస్తోంది!"

"స్వామి వాహనానికి నీసు ఎట్ల పెడ్తమమ్మా? అండ్ల ఇయ్యాల శనివారం."

శనివారం నేనూ ముట్టను. మా కాకినాడ ఇంట్లో ఆ రోజు గుడ్డు కూడా ఉడకదు. అయినా ఎదురుగా ఉన్న బకాలాకి, అదే కిరాణా కొట్టుకి, పరుగెత్తి కోడిమాంసం తెచ్చాను, క్యాంపు వంటింటి కత్తితో ముక్కలు కోశాను. పట్టకారుతో మొదటి ముక్క ముక్కు దగ్గర పెడితే అది చూడనైనా లేదు. రెండోదీ అంతే. మూడో ముక్కకి నా ధీమా అంతా నీరుగారిపోయింది.

అప్పుడు మేస్త్రీ లెంపలేసుకున్నాడు. "తప్పయింది స్వామీ," అంటూ నా చేతిలోంచి పట్టకారు తీసుకున్నాడు. "తినయ్యా. నీకు దండం పెడ్త."

గద్ద తల తిప్పి అతన్ని చూసింది. ముక్క లాక్కుని గుటుక్కున మింగింది. అతను ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను.

పశువైద్యుడి దగ్గర ఆరు వారాలుంది, రెక్క బాగయ్యాక వదిలేశాం. రిపోర్టులో 'చనిపోయింది' కొట్టేశాను, నా రాతలో కొట్టివేత అదే మొదటిది. మార్చిలో చుక్క సముద్రం దాటి ఇరాన్ చేరింది. వెంటనే మేస్త్రీకి ఫోన్ చేసి చెప్పాను. సైట్‌లో మిషన్ల మోతలోంచి అరిచి అడిగాడు: "మంచిగ తింటున్నడా అమ్మా?"

ఆ సంగతి ఏ చుక్కా చెప్పదు.

"కడుపునిండా తింటున్నాడయ్యా," అన్నాను, తడుముకోకుండా.