చార్జింగ్ ఎక్కని బండి, చంద్రపూర్‌లో ఒక పగలు

చంద్రపూర్ దగ్గరి బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మా నాన్నకు సర్వీసు పుస్తకంలో పేరు ఒక అక్షరం తప్పు పడింది. అది దిద్దాలంటే మనిషే చంద్రపూర్ ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టాలన్నారు. తొంభైల చివర్లో, ఒక చలికాలం మాట ఇది. మేమప్పుడు మంచిర్యాలలో ఉండేవాళ్లం. బాపు (నాన్నను నేనలాగే పిలుస్తాను) మొదటి పన్నెండేళ్లు గని లోపల బొగ్గు కొట్టాడు. ఊపిరితిత్తులు చెడ్డాక పైన దీపాల గదిలో వేశారు. కార్మికులు తలకు కట్టుకునే దీపాల బ్యాటరీలను చార్జింగ్ పెట్టి, పరీక్షించి ఇచ్చే పని అది. రిటైరయ్యేనాటికి ఇరవై అడుగులు నడిస్తే ఆయాసం. సాయంత్రం చల్లగాలి తగిలితే ఆ రాత్రంతా దగ్గే. అందుకే మధ్యాహ్నం రెండున్నర రైలుకు తిరిగి బయల్దేరాలని ముందే గట్టిగా అనుకున్నాను.

ఉదయం ఎనిమిదింటికి రైలెక్కితే పది దాటాక చంద్రపూర్ చేరాం. స్టేషను నుంచి ఆఫీసుకు ఆటో ఇరవై ఐదు రూపాయలు. ఆఫీసు మేడమెట్లు చూసి నా గుండె జారింది గానీ, గుమాస్తా మంచివాడు, పుస్తకం తానే కిందికి తెచ్చాడు. పదకొండున్నరకల్లా పని అయిపోయింది. చేతిలో మూడు గంటలున్నాయి. "సరోజను చూసి పోదాం" అన్నాడు బాపు. సరోజ ఆయనతో కలిసి దీపాల గదిలో పనిచేసి చనిపోయిన స్నేహితుడి కూతురు. ఊరి చివర ఒక కర్మాగారం గెస్ట్‌హౌస్‌లో కాంట్రాక్టు మీద పనిచేసేది. గేటు నుంచి బంగళాల దాకా అతిథులను గోల్ఫ్ మైదానాల్లో తిరిగే రకం బ్యాటరీ బండిలో తీసుకెళ్లడం ఆమె పని.

మేం వెళ్లేసరికి ఆమె షెడ్డులో ఆ బండి పక్కన కూర్చుని ఏడుస్తోంది.

"ఏమైంది బిడ్డా, గట్ల కూసున్నవ్?" అన్నాడు బాపు.

"అమ్మకు పానం బాగలేదని పదిహేను దినాలు గోండ్‌పిప్రి పోయిన పెద్దబాపూ. నేను లేనప్పుడు బండి తిప్పిండ్రు, ఎవ్వలూ చార్జింగ్ వెట్టలే. ఇప్పుడు వైరు పెడితే ఉలుకులేదు, పలుకులేదు. అయిదింటికి బయటి దేశపోళ్లు వస్తుండ్రు. బండి నడవకపోతే రేపటి నుంచి రావద్దని చెప్పిండు సూపర్‌వైజర్."

కరెంటు మిస్త్రీ ప్లగ్గు చూశాడట, ఫ్యూజు మార్చాడట, చివరికి చార్జరే పోయిందని తేల్చాడట. కొత్తది ముంబై నుంచి రావాలి. ఆమె జీతం మీద ఇద్దరు పిల్లలు, మంచంలో ఉన్న తల్లి ఆధారపడి ఉన్నారని నాకు తెలుసు. అయినా నా చూపు గోడ గడియారం మీదే ఉంది.

బాపు సీటు ఎత్తమన్నాడు. కింద ఆరు బ్యాటరీలు, వాటి కొనల మీద తెల్లగా, పచ్చగా పొడి. మిస్త్రీ వదిలేసి వెళ్లిన మీటరుతో ఒక్కోటీ చూశాడు. ఆరు వోల్టులు ఉండాల్సిన చోట మూడు కూడా లేవు.

"చార్జరు మంచిగనే ఉండొచ్చు. బ్యాటరీ ఇంతగనం ఖాళీ అయితే అసలు బ్యాటరీ ఉందన్న సంగతే దానికి ఎరుకగాదు. అందుకే మొదలువెడ్తలేదు. ముందుగాల చిన్న చార్జరుతోని కొంచెం కొంచెం తాగించాలె."

జీపుల గ్యారేజీ నుంచి చిన్న చార్జరు తెచ్చారు. మూతలు బిగించి, తినే సోడా కలిపిన నీళ్లతో పొడి కడిగించాడు. తర్వాత మూతలు తీయించి, లోపలి పలకలు మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోయించాడు. తలుపులన్నీ తెరిపించి, అగ్గిపుల్ల గీయొద్దని అందరికీ చెప్పాడు. రెండేసి బ్యాటరీలు కలిపి, జతకు అరగంట. మూడో జతకు వచ్చేసరికి ఆయనకు దగ్గు మొదలైంది. యాసిడ్ ఆవిరి గొంతుకు పట్టుకుంది. పీల్చే మందు రెండుసార్లు వాడినా తగ్గలేదు.

"చాలు బాపూ, పోదాం పా. ఎట్ల చెయ్యాల్నో చెప్పినవ్ గదా, వాళ్లు చేసుకుంటరు" అన్నాను. సరోజ కూడా, "పో పెద్దబాపూ, నా నసీబుల ఎట్లుంటే గట్లయితది" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. నాకు సిగ్గేసింది. అయినా సంచి భుజానికి వేసుకున్నాను.

రెండు దాటింది. అసలు చార్జరు ప్లగ్గు పెట్టారు. ఏ చప్పుడూ లేదు. సూపర్‌వైజర్ "జాఊ ద్యా" అని చెయ్యి విసిరి వెళ్లిపోయాడు. ఇక వదిలేయమని అర్థం. నేను ఆటోను పిలవడానికి గేటువైపు నడిచాను. వెనక్కి చూస్తే బాపు స్టూలు మీంచి వంగి, బ్యాటరీలను కలిపే తీగలను ఒక్కొక్కటిగా వేళ్లతో కదిలిస్తున్నాడు. నేను తిరిగి వచ్చేసరికి నాలుగోది ఆయన చేతిలో కదిలింది. కడిగినప్పుడు వదులైన నట్టు సరిగా బిగించలేదు. సరోజ పానా అందుకుని బలమంతా పెట్టి బిగించింది. మళ్లీ ప్లగ్గు పెట్టింది.

లోపల టక్కుమంది. తర్వాత సన్నగా హోరు. చార్జరు మీది ముల్లు మెల్లగా పైకి లేచింది.

సరోజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పటికి మా రైలు వెళ్లిపోయింది.

అయిదు దాటాక అతిథులు వచ్చారు. రెండు గంటల చార్జింగ్‌తో బండి రెండుసార్లు తిరిగింది. రెండోసారి ఎత్తు ఎక్కేటప్పుడు మరీ నెమ్మదించి, నా ప్రాణాలు పైకి తెచ్చి, చివరికి బంగళా చేరింది. మూడోసారి తిప్పే అవసరం రాలేదు. సూపర్‌వైజర్ బాపుకు చాయ్ తెప్పించాడు. సరోజ మర్నాడు పనికి వెళ్లింది. ఆ తర్వాత ఏళ్లపాటు వెళ్లింది.

సాయంత్రం రైల్లో బాపు ముఖానికి మఫ్లరు చుట్టి, నేను కోపంగానే అడిగాను. "నీకేమన్న అయ్యుంటే?"

ఆయన ఊపిరి కూడదీసుకుని చెప్పాడు. "దీపాల గదిలకెల్లి ఇచ్చిన దీపం గని లోపల ఆరిపోతే, ఆ మనిషి చీకట్ల ఎటు పోతడు? ఒక్క తీగ చూడకుంట ఎన్నడూ ఇయ్యలే బిడ్డా."

ఆ దగ్గు నాలుగు రోజులు ఉంది. ఆ నాలుగు రోజులూ నేను భయపడుతూనే ఉన్నాను, రెండున్నర రైలుకు తీసుకొచ్చేయాల్సిందని అనుకుంటూనే ఉన్నాను. ఆ గని ఆయన ఊపిరిని తినేసిందనే అప్పటిదాకా దాన్ని తిట్టుకున్నాను. ఆయన అక్కడ అన్నేళ్లు ఏం చేశాడో మాత్రం ఎన్నడూ అడగలేదు. అడగడం ఆ వారంలోనే మొదలుపెట్టాను.

పెద్దవాళ్లతో చంద్రపూర్ వెళ్లేవారికి ఒక మాట. మన వైపు నుంచి వెళ్లేటప్పుడు ఒక స్టేషను ముందే, బల్లార్షాలో దిగండి. రైలు అక్కడ ఎక్కువసేపు ఆగుతుంది కాబట్టి వాళ్లు తొందరపడకుండా దిగగలరు. అక్కడి నుంచి ఆటో మొత్తం మాట్లాడుకుంటే అరగంటలో ఊళ్లో ఉంటారు.