ఆగని మగ్గం

మొన్న బండారులంకలో చీరలు చూస్తుంటే గోడ అవతల మగ్గం టకటకలాడింది. ఆ చప్పుడు నేను ఏడో తరగతిలోనే విన్నాను. అప్పుడు టేపు పాడైందనుకున్నాను.

అమలాపురంలో మా సోషల్ మాస్టారికి తనంతటి చరిత్రకారుడు లేడని నమ్మకం. ఒకరోజు టేపురికార్డరు మోసుకొచ్చి, పూర్వం ఒక నాయకుడు నేతగాళ్ల వీధిలో చేసిన ప్రసంగం వినిపించారు.

"చరిత్రని చెవులతో వినాలర్రా," అన్నారు.

విన్నాక నోట్సు చెప్పారు: 'నేతకారులందరూ మగ్గములు ఆపి తండోపతండములుగా తరలివచ్చిరి.'

బండారులంక నుంచి వచ్చే మంగ లేచి నిలబడింది. వాళ్లది నేతపని.

"మగ్గం ఆపలేదండి. ఆయన మాట్లాడినంతసేపూ వెనకాల నేస్తానే ఉన్నారండి."

"అది టేపు గరగర."

"కాదండి, మగ్గమేనండి. మా ఇంట్లో రోజూ వింటానండి."

"ఆయ్, అయితే నువ్వే వచ్చి పాఠం చెప్పమ్మా," అని మాస్టారు దాన్ని పీరియడంతా నిలబెట్టారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మాస్టారికి ఎదురుచెప్పే ఈ తెలివితక్కువది ఎలా బాగుపడుతుందా అని జాలి కూడా పడ్డాను.

పరీక్షలో ఆ ప్రసంగం మీదే ప్రశ్న వచ్చింది. మంగ తను విన్నది రాసి సున్నా తెచ్చుకుంది.

మాస్టారి మీద ఇప్పుడు కోపం కూడా దండగే. ఆయన టేపు తెచ్చింది మాకు వినిపించడానికి, తను వినడానికి కాదు. నాకైతే ఆ చప్పుడు మగ్గానిదని తెలుసుకోవడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది.

ఆ ప్రశ్నకు పదికి పది వచ్చింది నాకే.