మందుకు లొంగని జ్వరం

మా ఆయన సౌదీలోని రాబిగ్‌లో రిఫైనరీ ఇంజనీరు. అక్కడుండగానే, మూడో ఏడు నడుస్తున్న మా పాపకి న్యుమోనియా వచ్చింది. ఆసుపత్రిలో చేర్చి యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నా జ్వరం దిగలేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోయేవి. ఇంట్లో క్షణం నోరు మూయని పిల్ల ఆక్సిజన్ మాస్కు వెనక నుంచి నన్ను చూస్తూ పడుకునేది. జ్వరం కంటే ఆ మౌనానికే ఎక్కువ భయపడ్డాను.

పిల్లల డాక్టరుది కరీంనగర్. రక్తం కల్చర్ రిపోర్టు రాగానే వచ్చి మంచం పక్కన కూర్చుందావిడ.

"చూడమ్మా, ఈ బ్యాక్టీరియా జర మొండిది. మనమిచ్చే మందుకు లొంగుతలేదు. దేనికి లొంగుతదో రిపోర్టుల తెలిసింది. ఇయ్యాల్టి సంది అదే ఇస్తం."

"తగ్గుతుందాండీ?"

"తగ్గుతదనే నా నమ్మకం. ముందు నువ్వు ఏమన్న తిను."

నాకు తినిపించే పని పక్క మంచం దగ్గరి ముసలావిడ తీసుకుంది. మనవడికి తోడుగా ఉన్న సౌదీ నాయనమ్మ. నాకు అరబ్బీ రాదు, ఆవిడకి అది తప్ప మరోటి రాదు. గహ్వా అనే వాళ్ల కాఫీ వంపి, ఖర్జూరం చేతిలో పెట్టి, నేను మింగేదాకా కదిలేది కాదు. నర్సు సూదితో వస్తే మాత్రం "ఖలాస్, ఖలాస్!" అంటూ, ఇక చాలని మనవడి తరఫున పోట్లాడేది.

కొత్త మందు మొదలెట్టిన వెంటనే ఏమీ మారలేదు. ఆ తర్వాత ఓ ఉదయం పాప ఒళ్లు చేతికి చల్లగా తగిలింది. ఊపిరి నెమ్మదించింది. మలయాళీ నర్సు రక్తం తీయడానికి రాగానే పాప తన మాస్కు పక్కకి లాగి, "ఖలాస్!" అని వార్డు దద్దరిల్లేలా అరిచింది. నర్సు పకపకా నవ్వింది. ముసలావిడ చప్పట్లు కొట్టింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

ఊపిరితిత్తులకి బలం రావాలని సబ్బు బుడగలు ఊదించమన్నారు. మా ఆయన సీసాలు తెచ్చిచ్చి వెళ్లాడు. ఆయన అటు వెళ్లాడో లేదో, ముసలావిడ ముఖం మీది నిఖాబు ఎత్తి పిల్లలిద్దరికంటే ఎక్కువ బుడగలు ఊదేసింది.

మందు కోర్సు పూర్తయ్యాకే ఇంటికి పంపారు. కారెక్కగానే మా ఆయన అడిగాడు.

"ఏం తింటావే బంగారం?"

"పప్పన్నం. వడియాలన్నీ నాకే!"

ఆ పూట మా ఇద్దరికీ ఒక్క వడియం మిగల్లేదు.