అడిగినవాళ్లందరికీ జవాబు చెప్పిన గంగారాం సార్

నిన్న పొద్దున కోరుట్ల నుంచి ఫోన్. గంగారాం సార్ పెద్ద కోడలు. "మామయ్య పోయిండు అక్కా" అంది.

ముందు ఆ పిల్లను కసిరాను. మొన్న ఆదివారమే కదా నాతో పావుగంట మాట్లాడారు, సరిగ్గా చూసి చెప్పవా అన్నాను. అవతల ఏడుపు వినబడ్డాక గానీ నాకు అర్థం కాలేదు.

టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కుర్చీలో అలాగే ఒరిగిపోయారట. హార్ట్ అటాక్.

మన వాట్సాప్ గ్రూప్‌లో చాలామందికి సార్ కరోనా టైమ్ నుంచే తెలుసు. రిటైరైన హెల్త్ అసిస్టెంట్, ఏది అడిగినా వాయిస్ మెసేజ్ పెట్టే పెద్దాయన. "కూరగాయలు సబ్బుతోని కడగాల్నా సార్?" అని ఎవరో అడిగితే, "కడిగితే గా సబ్బు నువ్వే తింటవు. కూరగాయలకు నీళ్లు, నీ చేతులకు సబ్బు" అన్నారు. అందరం పడీపడీ నవ్వాం.

నాకు మాత్రం ఆయన అంతకు చాలా ముందే తెలుసు.

ఇప్పుడు చెప్పేది మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లు దాచాను. ఇవాళ దాచబుద్ధి కావడం లేదు.

తొంభైల నాటి మాట. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే మా నాన్న పని కోసం మహారాష్ట్రలోని భీవండి పోయి, నాలుగేళ్లకు ఎముకల గూడై తిరిగొచ్చాడు.

ఎయిడ్స్.

ఆ పేరు పలకడానికే జనం భయపడే రోజులు. ఆర్నెల్లలో నాన్న పోయాడు.

అప్పుడు సార్‌కు సిరిసిల్లలో డ్యూటీ. సాంచాల షెడ్లు తిరిగి, ఆ జబ్బు గురించి జనం అడిగేవాటికి జవాబులు చెప్పడమే పని. దోమ కుడితే వస్తదా? ఒక్క బీడీ ఇద్దరం తాగితే? గడ్డం గీసే బ్లేడుతో? "దోమతోని రాదు. బీడీతోని రాదు, గని బీడీ బంద్ జెయ్. బ్లేడు మాత్రం కొత్తది ఏపిచ్చుకో." విసుక్కుంటూనే వందసార్లూ చెప్పేవారు.

అవి అన్నల రోజులు, నక్సలైట్ల కాలం కూడా. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఏ దిక్కు బస్సెక్కినా చెకింగే. ఒకసారి దారిలో పోలీసులు సార్ సంచీ తెరిచారు. కట్టలకొద్దీ పాంప్లెట్లు, ప్రతి దాని మీదా ఎయిడ్స్ గుర్తు ఎర్ర రిబ్బన్ బొమ్మ. ఆ రోజుల్లో కాగితం మీద ఎరుపు కనబడితే చాలు, చదివేదెవరు! రెండు చెంపదెబ్బలు వేసి స్టేషన్‌లో కూర్చోబెట్టారు.

మధ్యాహ్నానికి ఎస్సై ఆ కాగితం చదివి, నాలుక్కరుచుకుని, తలుపు దగ్గరికి వేసి, మెల్లగా అడిగాడట. "సూదితోని గూడ వస్తదా?"

సార్ వాచిన చెంప రుద్దుకుంటూనే అరగంట చెప్పి వచ్చారు. "అడిగినోనికి చెప్పాలె గదా" అనేవారు, ఆ సంగతి ఎప్పుడెత్తినా.

నాన్న పోయాక మాకు దిక్కు అమ్మ షెడ్డులో చుట్టే దారం కండెలే. దారం చుట్టిన కండెను మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టాక, దారం కొస నాడె కన్నంలోంచి బయటికి రావాలంటే నేసేవాళ్లు నోరు పెట్టి పీలుస్తారు. అదే మా కొంప ముంచింది. అమ్మ ముట్టుకున్న దారం నోట్లోకి పోతుంది, ఆమెకూ ఉంటే ఎట్లా అని షెడ్డులో ఒక్కరూ ఆ కండెలు తీసుకోలేదు. షెడ్డు నడిపే ఆసామి అమ్మను పనికి రావద్దన్నాడు.

మూడు వారాలు గంజి తాగాం.

సంగతి తెలిసి సార్ షెడ్డుకొచ్చారు. సాంచాలన్నీ ఆపించారు.

"ఆమెకు ఉన్నదా సార్?" అని ఆసామి అడిగాడు.

"గది నీకెందుకు? ఉన్నా గూడ దారంతోని రాదు, ఉమ్మితోని రాదు. నాడె నోట్లె పెట్టుకుంటే టీబీ అంటుకుంటది, కొక్కెంతోని తియ్యుండ్రి అని ఎన్నిసార్లు జెప్పిన? గది ఇనరు. రాని దానికి మాత్రం భయపడుతరు."

అంటూనే, అమ్మ చుట్టిన కండె తీసి నాడెలో పెట్టి, అందరి ముందూ నోటితో దారం పీల్చారు.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు ఆసామి అమ్మను పనికి రమ్మని కబురు పంపాడు. ఇద్దరు మాత్రం చివరిదాకా అమ్మ కండెలు ముట్టలేదు. వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

అమ్మకు ఉంది. కరీంనగర్ తీసుకెళ్లి రక్తం పరీక్ష చేయించింది సారే. మందులు లేని రోజులు అవి.

ఇక నా సిగ్గు సంగతి.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మ దగ్గరికి పోవద్దని నానమ్మ చెప్పింది. నేను పోలేదు. కంచం పట్టుకుని దూరంగా కూర్చునేదాన్ని. నానమ్మ పక్కన పడుకునేదాన్ని. మొదట్లో అమ్మ పిలిచేది. తర్వాత పిలవడం మానేసింది.

ఒక సాయంత్రం సార్ మా ఇంటికొచ్చి పోతుంటే, సైకిల్ వెనకాల వీధి చివరిదాకా ఉరికాను. ఊరంతా అడుగుతున్నారు కదా, నేనూ అడగాలనుకున్నాను.

"సార్, మా అమ్మ పక్కన పండొచ్చా?"

సార్ సైకిల్ దిగారు. స్టాండ్ వేసి, నా ఎత్తుకు వంగారు.

"పండు బిడ్డా. గట్టిగ పట్టుకొని పండు. ఏం గాదు."

ఆ రాత్రే చాప ఈడ్చుకుని అమ్మ పక్కకు చేరాను. అమ్మ కదల్లేదు. నన్ను ముట్టుకోవడానికి ఆమెకు భయం. నేనే ఆమె చెయ్యి తీసి నా మీద వేసుకున్నాను.

"సార్ పండుమన్నడు" అన్నాను.

పద్నాలుగు నెలలు అలాగే పడుకున్నాం. తర్వాత అమ్మ పోయింది.

ఆ పద్నాలుగు నెలలు మీరు ఇచ్చినవే సార్. మొన్న ఆదివారం ఫోన్‌లో కూడా ఈ మాట మీతో అనలేకపోయాను.

పోయి రండి సార్. మీ ఆత్మ చల్లగా ఉండాలి.