సలోమీ టీచర్ పెట్టిన గుర్తులు

ఎనిమిదేళ్లుగా ఒక మనిషి పేరు మీద అబద్ధం నడుస్తోంది. నడిపిస్తున్నది నేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

కాన్పుకు దవాఖానకు వెళ్లొచ్చిన ఆడవాళ్లు దాని గురించి ఎలా మాట్లాడతారన్నది నా పీహెచ్‌డీ పరిశోధన. హవేలిఘనపూర్ వైపు ఊళ్లు తిరిగి రికార్డు చేశాను. ఆ మాటలన్నీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, ప్రతి మాటకూ 'తృప్తి', 'కోపం', 'భయం' అంటూ గుర్తు పెట్టాలి. ఇద్దరు విడివిడిగా పెడితే, ఎంతవరకు కలిశాయో సాఫ్ట్‌వేరే చూపిస్తుంది; ఎంత కలిస్తే పరిశోధనను అంత నమ్ముతారు. రెండో మనిషిగా, మెదక్‌లో మా వెనక వీధిలో ఉండే సలోమీ టీచర్‌ను బతిమాలాను. రిటైరయ్యారు. రోజూ మధ్యాహ్నం వచ్చి నా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవారు. నిజానికి అప్పట్లో నాకున్న తోడు కూడా ఆవిడే.

మా గుర్తులు కలవలేదు. ఒకామె "మంచిగనే చూసిండ్రు" అన్న చోట నేను తృప్తి అని పెట్టాను.

"గది తృప్తి కాదు బిడ్డా, భయం. చెప్పే ముందు ఎంతసేపు ఆగిందో జర మల్ల విను."

"మీరు ఎక్కువ ఆలోచిస్తున్నరు టీచర్."

"నువ్వు ఆమె మొఖం చూసినవ్ గదా. నేను గొంతే విన్న."

మళ్లీ వినలేదు. ఎందుకు వినలేదు? వింటే ఆవిడ మాటే నిజమని ఒప్పుకోవాల్సి వస్తుందనీ, తృప్తి మీద కట్టుకున్న అధ్యాయాలన్నీ గడువుకు మిగిలిన వారంలో తిరగరాయాల్సి వస్తుందనీ నాకు తెలుసు. ఆవిడ పేరుతో లాగిన్ అయి, ఆవిడ గుర్తులన్నీ తీసేసి నావి పెట్టాను. అన్నీ కలిస్తే అనుమానమొస్తుందని కొన్ని కలవకుండా వదిలాను. ఆ అతితెలివికే ఇప్పుడు ఎక్కువ సిగ్గేస్తుంది.

పట్టా వచ్చింది. నా పరిశోధన పుస్తకంగా వచ్చినప్పుడు కృతజ్ఞతల పేజీలో ఆవిడ పేరు అచ్చయింది. టీచర్ ఆ పుస్తకాన్ని బైబిల్ పక్కన పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ ఆ పేజీ చూపిస్తారు. తన మాట నిలిచిందనే అనుకుంటున్నారు. దూరం నుంచి ఆవిడ కనిపిస్తే నేను పక్క సందులోకి తిరిగిపోతాను.

ఆ గొంతులు విన్నది మేమిద్దరమే. వాటి గురించి మాట్లాడాలనిపిస్తే వెళ్లాల్సింది ఆవిడ దగ్గరికే. ఏ ముఖంతో వెళ్లను? ఆ పుస్తకంలో పేర్లు రెండున్నాయి. రెండుచోట్లా ఉన్నది నేనొక్కదాన్నే.

చెబితే పట్టా పోతుందేమో. ఆవిడ ఆ పుస్తకాన్ని బైబిల్ పక్క నుంచి తీసేస్తారేమో. నాకు రెండోదే ఎక్కువ భయం. క్షమించమని అడగడం లేదు. ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

మొన్న ఆ రికార్డు మళ్లీ విన్నాను. "మంచిగనే" అనే ముందు ఆమె చాలాసేపు ఆగింది. టీచర్ భయం అని పెట్టారు. నేను చెరిపేశాను.