తుమ్ముకి భయపడిన రోజులు

గుండె రక్తనాళంలో స్టెంటు వేయించుకున్న కొత్త అది. డాక్టరు గారు ఎప్పటిలా పని చేసుకోమన్నా, తుమ్మితే అది జారిపోతుందేమోనని నాకు భయం. మైపాడు బస్సులో పక్కన కూర్చున్న అమ్మాయి స్టెంట్ల మీదే పరిశోధన చేస్తున్నానంటే, ఆ సంగతి చెప్పేశాను.

ఆమె నవ్వలేదు. పిడికిలి మూసి తెరిచి చూపిస్తూ, "రబ్బరు గొట్టంలో పెట్టి, గుండె కొట్టుకున్నట్టే నొక్కుతామన్నా. ఏళ్ల తరబడి పడే దెబ్బలన్నీ నెలల్లోనే కొడతాం. అది ఓర్చుకుంటేనే మనుషుల దాకా పంపేది" అంది.

"మరి తుమ్మితే?"

"తుమ్ము దానికొక లెక్కా అన్నా?"

బస్సు దిగి ఇంటికి పోలేదు. సముద్రం ఒడ్డున మావాళ్లు వల లాగుతున్నారు. నెలల తర్వాత నేనూ తాడు పట్టుకున్నాను.

"ఏందన్నా, లాగొచ్చా నువ్వు?" అన్నాడు ముందున్నవాడు.

"మాటలాపి లాగు" అన్నాను.